నాలుగో లెక్క

ముప్పై రెండేండ్లు భూమికి తూట్లు పొడిచినోణ్ణి.
రిగ్గు మునస్వామి అంటే మా లైన్లో అందరికీ ఎరికే.
కంప్రెసర్ మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది,
కుడి చెవి
నీళ్ళకోసం దాచిపెట్టుకున్నా.

కొర్లగుంటలో నా మొదటి బోరు గుర్తుండాది.
తొమ్మిదో రాడ్డుకు తడి,
పదకొండో రాడ్డుకు బుస్సుమని
మిద్దె ఎత్తు లేచినాయి నీళ్ళు.
ఆ ఇంటామె పసుపు కుంకుమ తెచ్చేలోగా
మేమంతా తడిసి నవ్వతా ఉన్నాం.

ఆ తర్వాత రాడ్లు పెరిగినాయి.
ఇరవై. ముప్పై. నలభై ఐదు.
నల్లరాయి నమిలి నమిలి
తెల్లపొడి ఊసేది మిషను.
మా కనుబొమ్మల మీద, సద్దిగిన్నె మూతల మీద,
ఆరేసిన చీరల మీద, అంతా అదే పొడి.
"ఇంకో రాడ్డు వెయ్యప్పా" అనేవాళ్ళు
మెడలో గొలుసు తడుముకుంటా.
వేసినా.
అడుక్కి ఇంతని లెక్కగట్టి
పడినా పడకపోయినా తీసుకున్నా.
అది తప్పని ఎవురూ అనలేదు.
నేనూ అనుకోలేదు.

ఈ ఊర్లో పేర్లు చూడండి:
కొర్లగుంట, తుమ్మలగుంట, ఆ పక్క రేణిగుంట.
గుంట యాడ సామీ అంటే
ఆటో స్టాండు చూపిస్తారు.
కార్తీకంలో కొండ దిగిన వానకు మాత్రం
పాత అడ్రసే తెలుసు.
తలుపు తట్టకుండా లోపలికొస్తాది,
ఫ్రిజ్జుల్ని, స్కూటర్లని పక్కకు జరిపి
తన చోట తాను కూర్చుంటాది.
తిట్టి, మోటార్లు పెట్టి, కాలవలోకి తోలేస్తాం.
ఉగాదికి అదే సందులో
ట్యాంకరు హారను కోసం చెవులు రిక్కించుకోని
బిందెల వరస.

మొన్న ఆడి నెల్లో శకుంతలా టీచరమ్మ పిలిచింది.
"అపార్టుమెంటు ఎనకాల ఎండిన బోరు ఉంది,
దాని చుట్టూ గుంత తియ్యాల."
"ఎంత లోతు?"
"పదడుగులు."
నవ్వొచ్చింది. పదడుగులంటే అర రాడ్డు.
"నీళ్ళు పైకి తెచ్చేదానికి కాదు మునస్వామీ,
కిందికి పంపేదానికి."

నాలుగో రోజు పార కేసింగుకు తగిలింది.
మట్టి తుడిస్తే, వెల్డింగుతో నేనే రాసిన గుర్తు:
ము,
కింద తొంభై ఆరు.

అప్పటికి గానీ తెలియలేదు
ఇది ఆ పసుపు కుంకుమ ఇల్లని.
మిద్దె పోయి ఐదంతస్తులు లేచినాయి.
గులకరాయి ఒకటి పైపులో వేసి లెక్కపెట్టినా.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
టక్.
ఎండురాయి మీద ఎండురాయి.

తలకాయంత రాళ్ళు అడుగున, పిడికిలంత పైన,
ఆపైన కంకర, ఇసుక.
రాయిని పగలగొట్టడమే నేర్చిన చేతులతో
ఒక్కొక్కటీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పేర్చినా.
కాంపౌండు వారగా సిమెంటు బిళ్ళలు పీకి
మోకాలిలోతు వాలుకాలవ తీసినాం.
వాచ్‌మన్ పెండ్లాం అమ్ములు
స్వర్ణముఖి గట్టునుంచి సిమెంటు గోతంలో
గరిక గడ్డలు, వట్టివేరు దుబ్బులు మోసుకొచ్చింది.
రెండో అంతస్తు ధనంజయులు సారు
లుంగీతోనే దిగొచ్చినాడు:
"నా కారు యాడ పెట్టుకునేది?"
టీచరమ్మ మెల్లగా అన్నది:
"కారుకు దప్పి కాదు సార్."
ఆయన ఇప్పటికీ మాట్లాడ్డం లేదంట.

ఐప్పసి వానలు మొదలైనాయి.
మూడో రాత్రి నిద్ర పట్టక, గొడుగు తీసుకోని పోయినా.
మిద్దె మీది నీళ్ళు పైపుల్లో దడదడ దిగి
గరికలో నెమ్మదించి,
గుంత దగ్గరికొచ్చేసరికి
చప్పుడు లేకుండా పోతా ఉన్నాయి.
ముప్పై రెండేండ్లలో
నీళ్ళు పోవడం చూసి
కడుపు నిండిన రాత్రి అదొక్కటే.

వాన వెలిసినాక కార్తీకం చివర్లో
ఇంకో గులకరాయి వేసినా.
ఒకటి, రెండు, మూడు...
నాలుగనేలోపలే పలికింది.
టక్ కాదు.
ఆ అర లెక్క
నా గుండె తొందర కావొచ్చు,
ముసలోడి చెవి ఆశ కావొచ్చు.
టీచరమ్మకు ఇంకా చెప్పలేదు.
ఎండాకాలం రానీ,
మళ్ళీ వేసి చూస్తా.

జేబులో ఇంకో రాయి పెట్టుకునే ఉండా.